మూలనున్న కుట్టు మిషను: పాతదే గాని పనికిరానిది కాదు

పాత సామాను కొనే బండి వీధిలోకి రాగానే చాలా ఇండ్లలో అందరి చూపూ ఒకే మూలకు పోతుంది. అక్కడ ఒక గుడ్డ కప్పుకొని, నెత్తిన నాలుగు పాత పత్రికలు మోస్తూ నల్లటి ఇనుప కుట్టు మిషను నిలబడి ఉంటుంది. అది దాదీమా కాలం నాటిది. దానిమీద ఎవరూ కుట్టక ఏండ్లు గడిచాయి. బండివాడు దానిని ఇనుముగా తూచి ధర చెబుతాడు. మూల ఖాళీ అయితే చాలుననుకొని ఇంటివారు సరేనంటారు. కొన్నాళ్ళకు ఆ ఇంటి ఆడపిల్లకే కుట్టుపని నేర్చుకోవాలన్న కోరిక పుడుతుంది. అప్పుడు కొత్త మిషను ధర ఎంత, అప్పు ఎక్కడ పుడుతుంది అన్న చర్చ మొదలవుతుంది.

ఆ బేరం కుదరకముందే ఆలోచించవలసిన కొన్ని సంగతులను పాఠకుల ముందుంచటం మా ఉద్దేశం. ఇటువంటి మిషన్లలో అధికభాగం అరిగిపోయి ఆగినవి కావు. నూనె ఎండిపోయి కొన్ని, చిన్న భాగం ఒకటి పోయి కొన్ని, వాడటం తెలిసినవారు లేక మరికొన్ని ఆగిపోయాయి. ముఖ్యంగా సూది కింద గుడ్డను అదిమిపట్టే ‘ప్రెషర్ ఫుట్’ అనే చిన్న భాగం విలువ మనము మరచిపోయాము. ఆ ఫుట్‌ను మార్చటం తెలిస్తే, తిన్నని కుట్టు తప్ప మరేమీ వేయలేని పాత మిషను పది రకాల పనులు చేసిపెడుతుంది.

దర్జీల వృత్తిలోకి వచ్చిన యంత్రం

బట్టలు కుట్టేవారికి ఉర్దూలో ఉన్న ‘దర్జీ’ అనే పేరు ఫారసీ భాష నుండి వచ్చింది. ఫారసీలో ‘దర్జ్’ అంటే కుట్టు, అతుకు. హజ్రత్ ఇద్రీస్ (అలై) కుట్టుపని చేసేవారన్న కథనం ముస్లిం సంప్రదాయంలో ప్రచారంలో ఉన్నది. దైవప్రవక్త (స) తమ వస్త్రాన్ని తామే కుట్టుకునేవారనీ, చెప్పును తామే బాగుచేసుకునేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) ద్వారా మనకు తెలుస్తున్నది. చిరిగినదానిని కుట్టుకోవటం, చెడినదానిని బాగుచేసుకోవటం మన ఇండ్లలో ఏనాడూ చిన్నతనంగా భావింపబడలేదు.

ఈ వృత్తిలోకి యంత్రం ప్రవేశించిన తీరు సాఫీగా సాగలేదు. ఫ్రాన్సులో బార్తెలెమీ తిమోనియే అనే దర్జీ 1830లో ఒక కుట్టు యంత్రానికి పేటెంటు పొందాడు. సైనికుల దుస్తులు కుట్టటానికి పారిస్‌లో ఆ యంత్రాలు నెలకొల్పగా, తమ కూడు పోతుందన్న భయంతో చేతికుట్టు దర్జీలు గుంపుగా వచ్చి వాటిని ధ్వంసం చేశారు. అమెరికాలో ఎలయాస్ హోవ్ 1846లోనూ, ఐజక్ మెరిట్ సింగర్ 1851లోనూ పేటెంట్లు పొందారు. ఏలన్ విల్సన్ గుడ్డను ముందుకు జరిపే నాలుగు కదలికల పద్ధతికి 1854లో పేటెంటు సంపాదించాడు. నేటి మిషన్లలోనూ పనిచేసేది ఆ పద్ధతే.

సింగర్ కంపెనీ 1885లో స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్ పట్టణంలో ఒక మహా కర్మాగారాన్ని తెరచింది. 1913లో ఒక్క ఏడాదిలోనే అక్కడ పది లక్షలకు పైగా మిషన్లు తయారయ్యాయి. వివిధ ఖండాలకు ఓడల మీద ప్రయాణం చేసిన ఆ మిషన్లలో కొన్ని మన దేశపు ఇండ్లకూ చేరాయి. ఆ కర్మాగారం 1980లో మూతపడింది. ఆ ప్రాంతపు రైల్వే స్టేషన్‌కు మాత్రం ఇప్పటికీ ‘సింగర్’ అనే పేరే ఉన్నది. యంత్రాల వ్యామోహాన్ని తీవ్రంగా విమర్శించిన గాంధీజీ సైతం 1924లో జరిగిన ఒక సంభాషణలో సింగర్ కుట్టు మిషనును ఆ విమర్శ నుండి మినహాయించారు. మనిషి శ్రమను తగ్గించాలన్న ప్రేమ నుండి పుట్టిన యంత్రంగా దానిని ఆయన భావించారు.

1930లలో కలకత్తాలోని జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ ‘ఉషా’ మిషన్ల తయారీ చేపట్టింది. తరువాతి కాలంలో పంజాబులోని లూధియానా నగరం కుట్టు మిషన్లకూ, వాటి విడిభాగాలకూ పెద్ద కేంద్రమయింది. మన పట్టణాల మిషను దుకాణాలలో నేటికీ పాత మిషనుకు బాబిన్ కేసు, ఫుట్, సూది బిగించే మర దొరుకుతున్నాయంటే అందులో లూధియానా కార్ఖానాల పాత్ర ఎంతో ఉన్నది.

ఫుట్ చేసే పని

మిషను కుట్టులో రెండు దారాలుంటాయి. పై దారం సూది వెంట దిగుతుంది. కింది దారం బాబిన్ నుండి వస్తుంది. సూది గుడ్డలోకి దిగి కొద్దిగా పైకి లేచినప్పుడు పై దారం చిన్న ఉచ్చులా విప్పారుతుంది. కింద ఉన్న షటిల్ కొక్కెం ఆ ఉచ్చును పట్టుకొని బాబిన్ చుట్టూ తిప్పుతుంది. రెండు దారాలూ గుడ్డ మందంలో ఒకదానినొకటి బిగించుకుంటాయి.

ఇంతలో గుడ్డ ముందుకు జరగాలి. ఆ పని పలక కిందనున్న పళ్ళు చేస్తాయి. అవి పైకి లేస్తాయి, గుడ్డను వెనుకకు నెడతాయి, కిందికి దిగుతాయి, తిరిగి మొదటి చోటికి వస్తాయి. నాలుగు కదలికల పద్ధతి అంటే ఇదే. పై నుండి అదిమిపట్టే ఫుట్ లేకపోతే పళ్ళకు గుడ్డ పట్టు చిక్కదు. సూది లేచేటప్పుడు గుడ్డ కూడా దానితోపాటు లేచిపోతుంది. ఉచ్చు సరిగా ఏర్పడక కుట్లు తప్పిపోతాయి.

ఫుట్ ఎంత బలంగా అదమాలన్నది దాని కడ్డీలోని స్ప్రింగు నిర్ణయిస్తుంది. పాత మిషన్లలో తల పైభాగాన ఉండే మరను తిప్పి ఆ బలాన్ని పెంచవచ్చు, తగ్గించవచ్చు. పలుచని జార్జెట్ దుపట్టాకు మరను కొంచెం వదులు చేయాలి, మందమైన దుప్పటికి కొంచెం బిగించాలి. పలుచని గుడ్డ ముడతలు పడినప్పుడు చాలామంది దారం బిగువునే అనుమానిస్తారు. తప్పు అనేకసార్లు ఈ స్ప్రింగు దగ్గరే ఉంటుంది.

ఒక పెట్టెలో ఒదిగిన పనులు

ఒకప్పుడు మిషనుతోపాటు ఫుట్‌ల పెట్టె కూడా వచ్చేది. 1889లో పేటెంటు పొందిన సింగర్ వారి కొయ్యపెట్టె ఒకటి ఎంతో ప్రసిద్ధి చెందింది. దానిని తెరిస్తే నాలుగు వైపులా బల్లపరుపుగా విచ్చుకునేది. ఒక్కొక్క పరికరానికీ అందులో ఒక్కొక్క చోటు ఉండేది. మన ఇండ్లలో ఆ స్థానాన్ని మిషను బల్ల సొరుగో, బిస్కెట్ల డబ్బాయో తీసుకున్నది. పాత మిషనును అమ్మదలచినవారు ముందుగా ఆ సొరుగును, ఆ డబ్బాను ఒకసారి వెదికి చూడాలని మా మనవి. తుక్కుగా కనిపించే వంకర రేకు ముక్కలలోనే అసలు విలువ దాగి ఉండవచ్చు.

మొదటిది సన్నని మడత వేసే హెమ్మర్ ఫుట్. దాని ముందుభాగం శంఖంలా చుట్టుకొని ఉంటుంది. గుడ్డ అంచు ఆ చుట్టలోకి ప్రవేశించి, దానంతటదే రెండుసార్లు మడతపడి సూది కిందికి వస్తుంది. దుపట్టాల అంచులకు, తలకు చుట్టుకునే హిజాబ్ గుడ్డలకు ఇంతకన్న అనువైన సాధనం లేదు. మొదటి అంగుళం మేర మడతను చేతితో వేసి, రెండు మూడు కుట్లు వేసి, ఆ దారాల కొసలు పట్టుకొని గుడ్డను చుట్టలోకి మెల్లగా లాగాలి. ఆ తరువాత అంచును కొద్దిగా ఎత్తి, ఎప్పుడూ ఒకే వెడల్పున అందిస్తూ పోవాలి. పాత గుడ్డ మీద నాలుగు రోజులు అభ్యాసం చేస్తే చేయి కుదురుతుంది.

రెండవది కుచ్చులు పెట్టే రఫ్లర్. చూడటానికి కొంత భయం గొలిపే పరికరమిది. దాని చేయి సూది బిగించే మరను పట్టుకొని ఉంటుంది. సూది లేచి దిగినప్పుడల్లా లోపలి రేకు గుడ్డను ఒక కుచ్చుగా తోస్తుంది. ప్రతి కుట్టుకొక కుచ్చు, ఆరు కుట్లకొకటి, పన్నెండు కుట్లకొకటి చొప్పున అమర్చుకునే వీలు దానిలో ఉంటుంది. పసిపిల్లల గౌన్లకు, ఘరారా మోకాళ్ళ దగ్గరి కుచ్చులకు గంటల తరబడి దారం లాగి సర్దే శ్రమను అది తప్పిస్తుంది.

మూడవది ఒకే కాలు గల ఫుట్. దీనిని జిప్ ఫుట్ అంటారు. సూదికి ఒక పక్క మాత్రమే అదమటం వలన జిప్పు పళ్ళకు, పైపింగు తాడుకు ఆనుకొని కుట్టు వేయవచ్చు. బుర్ఖా ముందుభాగాన వేసే పైపింగు, దిండు గలీబుల అంచు శుభ్రంగా రావాలంటే ఇది తప్పనిసరి.

అంచు పట్టీని మడచి కుట్టే బైండర్, లేసును గుడ్డకు అతికే ఎడ్జ్ స్టిచర్ ఈ కోవలోవే. ఫుట్‌కు పక్కగా బిగించే కడ్డీ ఒకటుంటుంది. పాత చీరలతో బొంత కుట్టేటప్పుడు ఆ కడ్డీని అంతకుముందు వేసిన కుట్టు మీద నడిపిస్తే వరుసలన్నీ సమాన దూరంలో పడతాయి. కాజాలు కుట్టే పరికరం మరింత చమత్కారమైనది. తిన్నగా లేచి దిగటమే తెలిసిన సూది కింద, గుడ్డనే అటూ ఇటూ కదిలించి అది కాజా పూర్తిచేస్తుంది.

ఇన్నేండ్లు నిలవటానికి కారణం

ఈ మిషన్లు ఇంతకాలం మన్నటానికి మొదటి కారణం వాటి సాదాతనం. శరీరం పోత ఇనుము, లోపలి భాగాలు ఉక్కు. ప్లాస్టిక్ పళ్ళ చక్రాలు, విద్యుత్ పలకలు వాటిలో లేవు. ప్రతి కీలు దగ్గరా నూనె వేసే రంధ్రం కనిపిస్తుంది. ఒక స్క్రూడ్రైవర్‌తో చాలా భాగాలను విప్పి తిరిగి బిగించవచ్చు. చేతితో తిప్పేది, కాలితో తొక్కేది కావటం వలన కరెంటు పోయినా పని ఆగదు.

రెండవ కారణం కొలతలు మారకపోవటం. సింగర్ వారి 15వ తరగతి మిషను నమూనాను తరువాత అనేక దేశాల తయారీదారులు అనుసరించారు. మన దేశపు నల్లటి ఇంటి మిషన్లలో అధికభాగం ఆ కుటుంబానికి చెందినవే. ఇంటి మిషన్లలో నేటికీ వాడే 15×1 రకపు సూదికి ఆ పేరు ఆ తరగతి నుండే వచ్చింది. మన దుకాణాలలో అదే సూదిని హెచ్.ఎ.×1 అని కూడా అంటారు.

ఫుట్ విషయమూ ఇంతే. ఫుట్ అడుగు నుండి దానిని బిగించే మర వరకు గల ఎత్తును బట్టి రకాలు ఏర్పడ్డాయి. ఇంటి మిషన్లలో అధికభాగం తక్కువ ఎత్తు గలవి. ఫుట్‌ను దించి, కింది పలక నుండి మర వరకు కొలిస్తే సుమారు అర అంగుళం నుండి ముప్పావు అంగుళం ఉంటుంది. అంగుళం లేక అంతకు మించి ఉంటే అది ఎక్కువ ఎత్తు రకం. కార్ఖానాలలోని పెద్ద మిషన్లకు సాధారణంగా ఈ రకం వాడతారు. ఈ కొలత కుదిరితే నిన్న తయారైన ఫుట్‌ను సైతం దాదీమా మిషనుకు బిగించవచ్చు. నేటి మిషన్లకు నొక్కి తగిలించే ఫుట్‌లుంటాయి. వాటి కోసం ఒక చిన్న అడాప్టర్ దొరుకుతుంది. దానిని పాత మిషను కడ్డీకి బిగిస్తే ఆ ఫుట్‌లూ పనికివస్తాయి.

అయితే రెండు జాగ్రత్తలు అవసరం. జిగ్‌జాగ్ కోసం చేసిన ఫుట్‌లో సూది దిగే సందు వెడల్పుగా ఉంటుంది. తిన్నని కుట్టుకు దానిని వాడితే పలుచని గుడ్డ ఆ సందులోకి కుంగుతుంది. సన్నని సందు గల పాత ఫుట్‌తోనే కుట్టు అందంగా పడుతుంది. మరీ వెడల్పైన కొత్త ఫుట్‌లకు పాత మిషను ఇరుకు పళ్ళ పట్టు చాలకపోవచ్చు. కొత్త ఫుట్‌ను బిగించిన ప్రతిసారీ చక్రాన్ని చేతితో ఒక చుట్టు తిప్పి, సూది దేనికీ తగలటం లేదని చూసుకున్న తరువాతే తొక్కాలి.

ఆగిన మిషనును లేపటం

బిగుసుకుపోయిన మిషనును చూసి నిరాశ పడకూడదు. కారణం తరచుగా ఎండి బంకగా మారిన నూనె. అనేక ఇండ్లలో మిషను నూనె లేనప్పుడు కొబ్బరినూనె వేసేవారు. అది కొంతకాలానికి జిగురుగా మారి కీళ్ళను పట్టేస్తుంది. మంచి మిషను నూనెను ప్రతి రంధ్రంలో రెండు చుక్కలు వేసి, ఒక రోజు ఆగి, చక్రాన్ని బలవంతం లేకుండా అటూ ఇటూ కదపాలి. ఇలా నాలుగైదు రోజులు చేస్తే చాలా మిషన్లు కదులుతాయి. పళ్ళ కింద పేరుకున్న దారపు నూగును కుంచెతో తీసివేయాలి. నల్ల రంగు మీది బంగారు పూలబొమ్మలను స్పిరిట్‌తో తుడిస్తే చెరిగిపోయే ప్రమాదమున్నది. కొద్దిగా నూనె అద్దిన మెత్తని గుడ్డ చాలు.

కుట్లు తప్పుతుంటే ముందుగా సూది మార్చి చూడాలి. సూదికి ఒకవైపు పొడవైన గాడి ఉంటుంది. దారం ఆ గాడి ఉన్న వైపు నుండే కంటిలోకి ప్రవేశించాలి. పలుచని గుడ్డకు 11వ నంబరు, మామూలు నూలు గుడ్డకు 14, మందమైనవాటికి 16 లేక 18 వాడాలి. గుడ్డ అడుగున దారం గుంపు కట్టినప్పుడు అందరూ బాబిన్ కేసును విప్పుతారు. లోపం ఎక్కువగా పైనే ఉంటుంది. ఫుట్‌ను ఎత్తినప్పుడు పై దారాన్ని బిగించే రేకులు వదులవుతాయి. ఫుట్‌ను దించటం మరచి కుట్టితే దారమంతా కిందికి పోతుంది. గుడ్డ లేకుండా, ఫుట్ దించి మిషనును ఊరకే తొక్కినా నష్టమే. పళ్ళు ఫుట్ అడుగును గీరుతాయి. నునుపు పోయిన ఫుట్ పట్టు గుడ్డ దారాలను లాగివేస్తుంది.

పసిపిల్లలున్న ఇంట్లో పని అయిపోగానే బెల్టును చక్రం నుండి తప్పించి ఉంచటం మరువరాదు. తిరిగే చక్రం, దిగే సూది పిల్లల వేళ్ళకు ప్రమాదకరం.

అయితే పోత ఇనుము పగిలినా, సూది కడ్డీ లోతుగా తుప్పు పట్టినా బాగుచేయటం కష్టం. అటువంటి మిషనును వదులుకోవటంలో తప్పులేదు. దాని ఫుట్‌లు, బాబిన్లు, మరలు మాత్రం తీసి దాచుకోవాలి.

కొత్తవాటిని కాదనటం లేదు

పాతది గనుక గొప్పదని మేము వాదించటం లేదు. లైక్రా వంటి సాగే గుడ్డ మీద తిన్నని కుట్టు సులభంగా తెగిపోతుంది. దానికి జిగ్‌జాగ్ గాని, ఓవర్‌లాక్ గాని కావాలి. చీరకు పీకో చేయటం, దారాలు ఊడకుండా లోపలి అంచులు కట్టటం పాత మిషను చేయలేని పనులు. రోజుకు పదుల సంఖ్యలో జతలు కుట్టే దుకాణానికి మోటారు మిషను అవసరం. మోకాలి నొప్పులున్నవారికి కాలి మిషను భారమే.

కానీ ఇంటి అవసరాలకు, పని నేర్చుకోవటానికి, ఇంటి పట్టున ఉండి నాలుగు డబ్బులు సంపాదించుకోవటానికి పాత మిషను ఎంతో మేలైన ఆరంభం. నెమ్మదిగా నడుస్తుంది గనుక నేర్చుకునేవారి చేయి తప్పినా గుడ్డ పాడుకాకముందే ఆపవచ్చు. మొదటి సంపాదన మిషను వాయిదాలకు పోదు. వడ్డీ అప్పు జోలికి పోనవసరం అంతకంటే లేదు. పండుగ ముందు ఇరుగుపొరుగువారి దుపట్టాలకు అంచులు మడచి ఇవ్వటం, పిల్లల గౌన్లకు కుచ్చులు పెట్టటం వంటి చిన్న పనులతో మొదలుపెట్టినవారు చేయి కుదిరిన తరువాత, తమ సంపాదనతోనే ఓవర్‌లాక్ మిషను కొనుక్కోవచ్చు.

ప్రభుత్వాలు, స్వచ్ఛంద సంస్థలు పేద మహిళలకు కుట్టు మిషన్లు అందజేయటం మంచిపనే. 2023లో ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో దర్జీపని కూడా ఉన్నది. అందులో పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు సహాయం లభిస్తుంది. మిషను చేతికందినా దానిని విప్పి నూనె వేయటం, ఫుట్ మార్చటం నేర్పేవారు లేకపోతే అదీ కొంతకాలానికి మూలకే చేరుతుంది. మిషన్లు పంచే మసీదు కమిటీలూ, సంస్థలూ నాలుగు రకాల ఫుట్‌లను, వాటిని వాడే శిక్షణను కూడా జోడించాలని మా సూచన.

ఇంత జ్ఞానం ఇప్పటికీ మన మధ్యనే ఉన్నది. దానిని కాపాడుతున్నవారు మన ఇండ్లలోని వృద్ధ స్త్రీలు, వీధి చివర చిన్న దుకాణంలో కూర్చునే మిషను మేస్త్రీలు. వంకర రేకును చూడగానే ఇది దేనికి పనికివస్తుందో చెప్పగల నానీమాలు ఏటేటా తగ్గిపోతున్నారు. లూధియానా నుండి ఫుట్ తెప్పించుకోవచ్చు, వారి చేతిలోని నేర్పును మాత్రం ఏ దుకాణమూ అమ్మదు. ఈ సెలవులలో ఆ మిషను మీది గుడ్డ తీసి, నూనె వేసి, మనుమరాలిని దాదీమా పక్కన కూర్చోబెట్టండి. పాత సామాను బండి వచ్చే వారం కూడా వస్తుంది. బేరం గురించి అప్పుడు ఆలోచించవచ్చు.